కంపెనీ తన చేత్తో రాసిచ్చిన ధర: గ్వాటెమాలా అధ్యక్షుడు ఆర్బెన్స్ జీవితం

రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కిన ప్రతి ఇంటివాళ్ళకూ తెలిసిన సంగతే. భూమికి రెండు ధరలుంటాయి. దస్తావేజులో రాయించేది ఒకటి, చేతులు మారేది ఇంకొకటి. తాలూకా కచేరీలో గుమాస్తాగా ముప్పై మూడేళ్ళు పనిచేశాను. మా వైపు దస్తావేజు రాష్ట్ర భాషలో ఉంటుంది, అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ మాట్లాడుకునేది తెలుగు. రెండు ధరల లెక్కకు మాత్రం భాషా భేదం లేదు. ఒకసారి రోడ్డు వెడల్పు చెయ్యడానికి పొలాలు తీసుకున్నప్పుడు ఒక పెద్దాయన నా బల్ల ముందు కూర్చుని, తక్కువ ధరకు తానే పెట్టిన సంతకాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఆయనకు నేను చెప్పగలిగింది ఏమీ లేకపోయింది.

ఉద్యోగం నుంచి దిగాక తీరికగా చదివిన జీవితాల్లో నన్ను బాగా పట్టుకున్నది మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశానికి అధ్యక్షుడిగా చేసిన హకోబో ఆర్బెన్స్ గుస్మాన్‌ది. అక్కడ కూడా కథ తిరిగింది ఈ రెండు ధరల మీదే. కాకపోతే తక్కువ ధర రాసిచ్చినది పేదరైతు కాదు, ఆ దేశంలో అందరికంటే పెద్ద భూస్వామి అయిన అమెరికా కంపెనీ. కాగితం మీద వాళ్ళు రాసిన ధరనే ధరగా తీసుకున్నాడు ఆర్బెన్స్. దాని తరువాత ఆయన పదవిలో ఎక్కువ కాలం లేడు.

గ్వాటెమాలా విస్తీర్ణంలో తెలంగాణ కంటే కాస్త చిన్నది. మెక్సికోకు దక్షిణాన, ఒక పక్క పసిఫిక్, ఇంకో పక్క అట్లాంటిక్ వైపు కరేబియన్ సముద్రం. ఆర్బెన్స్ కాలంలో జనాభా సుమారు 30 లక్షలు. అందులో సగానికి పైగా మాయా జాతులవాళ్ళు, వాళ్ళ ఇళ్ళల్లో ఇరవైకి పైగా భాషలు. పాలన భాష స్పానిష్. తమ భూమి కాగితాన్ని తాము చదువుకోలేని వాళ్ళే ఎక్కువ. కాఫీ, అరటి ఎగుమతి మీద దేశం నడిచేది.

ఆర్బెన్స్ 1913 సెప్టెంబరు 14న కేత్సాల్తెనాంగో పట్టణంలో పుట్టాడు. తండ్రి స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చిన మందుల వ్యాపారి, తల్లి ఆ దేశపు మనిషి, బడిపంతులమ్మ. చిన్నతనం బాగానే గడిచింది. తండ్రి మార్ఫిన్‌కు అలవాటు పడి వ్యాపారాన్ని గాలికి వదిలేశాడు, దివాలా తీశాడు. ఒక ధనిక మిత్రుడు దయతలచి ఇచ్చిన పల్లెటూరి ఎస్టేటులో తలదాచుకోవలసి వచ్చింది. కుర్రవాడికి ఇంజనీరో ఆర్థికశాస్త్రవేత్తో కావాలని ఉండేది. డబ్బు లేదు. సైనిక విద్యాలయంలో ఉపకార వేతనం దొరుకుతుందని తెలిసి 1932లో అందులో చేరాడు. సైన్యం మీద మోజుతో కాదు, ఫీజు లేదని. ఆయన అక్కడ చదువుతుండగానే తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు.

చదువులో, ఆటల్లో ముందుండేవాడు, మాట తక్కువ. 1935లో పట్టా పుచ్చుకుని సైన్యంలో అధికారి అయ్యాడు. మొదటి ఉద్యోగాల్లోనే ఆయన చూసినది, సంకెళ్ళు వేసిన ఖైదీలను కాపలా మధ్య పనికి తోలుకుపోవడం. తోలేది తనలాంటి సైనికులే. దేశాన్ని 1931 నుంచి ఏలుతున్నవాడు హోర్హే ఊబికో అనే జనరల్. ఊబికో చట్టం ప్రకారం సొంతభూమి లేనివాడు ఏడాదిలో కనీసం నూరు రోజులు ఇంకొకరి తోటలో పనిచేసినట్లు ఒక చిన్న పుస్తకంలో రాయించుకుని వెంట ఉంచుకోవాలి. పుస్తకంలో రోజులు తక్కువైతే సోమరిపోతు కింద లెక్క, జైలు. ఆ జైలు నుంచి మళ్ళీ రోడ్డు పనికి. హాజరు పట్టీ అంటే నేనూ జీవితమంతా రాసినదే. మనిషి మెడకు కట్టే హాజరు పట్టీ గురించి మాత్రం అప్పుడే చదివాను.

ఆర్బెన్స్ మళ్ళీ తాను చదివిన సైనిక విద్యాలయానికే ఉపాధ్యాయుడిగా వచ్చాడు. 1938లో మరియా విలనోవా పరిచయమైంది. ఎల్ సాల్వదోర్‌లో పెద్ద భూస్వామి కూతురు. జీతం రాళ్ళ మీద బతికే లెఫ్టినెంటుకు పిల్లనివ్వడం ఆ ఇంటివాళ్ళకు ఇష్టం లేదు. అయినా మరుసటి ఏడాది పెళ్ళి చేసుకున్నారు. ఆమె బాగా చదువుకున్నది, ఇంగ్లీషు వచ్చు, పుట్టింటి తోటల్లో కూలీల బతుకు చూసి మనసు విరిగినది. ఆయనకు పుస్తకాలు తెచ్చిపెట్టేది, వాదించేది. ఆర్బెన్స్ ఆలోచనలు భార్య వల్ల మారాయని శత్రువులు నిందగా అనేవారు, మిత్రులు మెచ్చుకోలుగా. ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు.

1944 వేసవిలో విద్యార్థులు, బడిపంతుళ్ళు వీధిలోకి రావడంతో ఊబికో జూలై 1న దిగిపోయాడు. అతని స్థానంలో వచ్చిన జనరల్ పోన్సే కూడా అదే బాటలో నడిచాడు. ఆర్బెన్స్ సైన్యానికి రాజీనామా ఇచ్చి బయటికి వెళ్ళి, లోపల ఉన్న మేజర్ ఫ్రాన్సిస్కో అరానాతో కలిసి పథకం వేశాడు. అక్టోబరు 20న తిరుగుబాటు, ఒక్కరోజులో ప్రభుత్వం పడిపోయింది. ఆర్బెన్స్, అరానా, హోర్హే తొరియెల్లో అనే పౌరుడు ముగ్గురూ కలిసి కొన్ని నెలలు పాలించి, ఎన్నికలు పెట్టి, మాట ప్రకారం తప్పుకున్నారు. ఆయుధాలతో అధికారం తీసుకున్నవాళ్ళు కొన్ని నెలల్లో తిరిగి ఇచ్చెయ్యడం ఆ ప్రాంతంలో అరుదు. గెలిచినవాడు హువాన్ హోసె అరేవలో, పరదేశంలో పాఠాలు చెప్పుకుంటూ ఉండి తిరిగి వచ్చిన ఆచార్యుడు. కొత్త రాజ్యాంగం, సామాజిక భద్రత, 1947లో కార్మిక చట్టం ఆయన హయాంలో వచ్చాయి. భూమి జోలికి మాత్రం ఆయన పెద్దగా పోలేదు. ఆర్బెన్స్ రక్షణ మంత్రి.

ఇక్కడ ఒక మచ్చ ఉంది, దాన్ని దాటవెయ్యకూడదు. సైన్యాధిపతి అయిన అరానాకు, అరేవలో ప్రభుత్వానికి పొసగలేదు. అరానా ప్రభుత్వాన్ని దించే ఆలోచనలో ఉన్నాడని తెలిసి అతన్ని పట్టుకుని దేశం దాటించాలనుకున్నారు. 1949 జూలై 18న రాజధానికి దక్షిణంగా ఒక వంతెన మీద అతని కారును ఆపారు, కాల్పులు జరిగాయి, అరానా చనిపోయాడు. చంపమన్నారా, పట్టుకోమన్నారా అన్నది తేలలేదు. పట్టుకోవాలన్న నిర్ణయంలో ఆర్బెన్స్ ఉన్నాడు. ప్రభుత్వం నిజం చెప్పకుండా నేరాన్ని మరెవరి మీదికో నెట్టింది. అప్పుడే ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. మూసెయ్యని ఫైలు బీరువాలో ఉన్నా వాసన వస్తుంది. అరానాను అభిమానించే సైనికులు తిరగబడ్డారు, అణిచేశారు. ఆ కసి మిగిలిపోయింది.

1950 నవంబరు ఎన్నికల్లో ఆర్బెన్స్‌కు నూటికి 60కి పైగా ఓట్లు వచ్చాయి. 1951 మార్చి 15న ప్రమాణం చేశాడు. అప్పటికి 37 ఏళ్ళు. సరిగ్గా ఆ తరువాతి నెలలోనే, ఏప్రిల్ 18న, మన నల్గొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానం ప్రకటించి భూదానానికి నాంది పలికారు. ప్రపంచంలో ఆ మూలా ఈ మూలా ఒకే ప్రశ్న అడుగుతున్న రోజులవి. మనవైపు ఒకాయన నడిచి వెళ్ళి దానం అడిగాడు. అక్కడ ఆర్బెన్స్ చట్టం రాశాడు.

ఆయన ప్రమాణం నాడు పెట్టుకున్న లక్ష్యం దేశాన్ని ఆధునిక పెట్టుబడిదారీ దేశంగా చెయ్యడం. పరాయి కంపెనీలను బందూకులతో తరమాలని కాదు, వాటితో పోటీ పడాలని. అట్లాంటిక్ తీరానికి ఉన్న ఒకే ఒక్క రైలు అమెరికా కంపెనీ చేతిలో ఉంది, దానికి పక్కనే ప్రభుత్వ రోడ్డు వెయ్యాలి. ఉన్న రేవు ప్వెర్తో బారియోస్ కూడా వాళ్ళదే, దాని దగ్గర ప్రభుత్వ రేవు కట్టాలి. కరెంటు కూడా అమెరికా కంపెనీదే, సొంత జల విద్యుత్ కేంద్రం పెట్టాలి. మూడూ కాగితం మీద చాలా మామూలు పనులు.

ఆ కంపెనీ పేరు యునైటెడ్ ఫ్రూట్. ఆ దేశంలో దానికి అయిదున్నర లక్షల ఎకరాలు. అందులో సాగు చేసేది నూటికి 15 వంతులు. మిగతాది బీడు. అరటికి వేరుతెగులు వస్తే తోట వదిలేసి కొత్త నేలకు పోవాలి, అందుకు నిల్వ భూమి కావాలని కంపెనీ వాదన. ఆ రోజుల్లో ఆ తెగులుకు మందు లేదు గనుక అందులో కొంత నిజం ఉంది. కానీ అంత నేలను తరాలపాటు తాళం వేసి ఉంచడం పక్కనే గంపెడు భూమి లేక మెడలో పుస్తకం మోస్తున్నవాడికి ఎలా నచ్చుతుంది? ఊబికో 1936లో రాసిచ్చిన ఒప్పందంతో కంపెనీకి 99 ఏళ్ళ హక్కులు, పన్నుల్లో భారీ మినహాయింపులు దక్కాయి. ఆ దేశంలో కంపెనీకి ఎల్ పుల్పో, అంటే ఎనిమిది చేతుల ఆక్టోపస్, అని పేరు. రైలు, రేవు, తోట, టెలిగ్రాఫు అన్నిటినీ పట్టుకున్నందుకు.

1950 లెక్కల ప్రకారం భూమి ఉన్నవాళ్ళలో నూటికి ఇద్దరి చేతిలో సాగుభూమిలో 72 వంతులు ఉంది. 1952 జూన్ 17న 900వ నంబరు శాసనం వచ్చింది. అందులోని క్లాజులు నాకు ఇష్టం, ఎందుకంటే రాసినవాడికి కచేరీ పని తెలుసు. 90 హెక్టార్లు, అంటే 224 ఎకరాల లోపు కమతాల జోలికి పోలేదు. 224 నుంచి 672 ఎకరాల మధ్య ఉంటే, మూడింట రెండు వంతులు సాగులో ఉన్నంతవరకు దాన్నీ ముట్టలేదు. అంతకు మించిన ఎస్టేట్లలో కూడా తీసుకున్నది బీడునే. మా పెద్దాయన లాంటివాళ్ళ పొలాలు ఈ చట్టం కింద అసలు రావు. యుద్ధకాలంలో జర్మన్ల నుంచి స్వాధీనం చేసుకున్న ప్రభుత్వ కాఫీ తోటలను కూడా పంచిపెట్టారు.

పని జరిగిన తీరు చూడండి. ఊరి భూసమితిలో అయిదుగురు. ఒకరిని జిల్లా గవర్నరు, ఒకరిని పురపాలకం, ముగ్గురిని స్థానిక రైతుకూలీ సంఘం పంపుతుంది. కూలి మనిషి అర్జీ పెడతాడు. సమితి వెళ్ళి భూమి చూసి రిపోర్టు రాస్తుంది. అది జిల్లా సమితికి, అక్కడి నుంచి రాజధానికి. ఆఖరి అప్పీలు అధ్యక్షుడి బల్ల మీదికి. భూమి తీసుకున్నవాడు పంటలో నూటికి మూడో అయిదో వంతులు కట్టాలి. 1953లో వ్యవసాయ బ్యాంకు పెట్టి విత్తనానికి, ఎద్దుకు అప్పు ఇచ్చారు. తన భార్య వైపు వచ్చిన ఎస్టేటులో 1,700 ఎకరాలను ఆర్బెన్స్ కూడా వదులుకున్నాడు.

రెండేళ్ళలో సుమారు 14 లక్షల ఎకరాలు చేతులు మారాయి. లక్ష కుటుంబాలు, అంటే అయిదు లక్షల మంది, దేశ జనాభాలో ఆరింట ఒక వంతు. అంతా సజావుగా సాగిందని చెప్పను. కొన్నిచోట్ల అర్జీ దాకా ఆగకుండా తోటల్లోకి చొరబడ్డారు, ఒక ఊరి కూలీలూ పక్క ఊరి కూలీలూ కొట్టుకున్నారు. 1953 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక భూస్వామి దావా విచారణకు తీసుకుంటే, చట్టంలో కోర్టుకు చోటు లేదని ఆర్బెన్స్ పట్టుబట్టి, పార్లమెంటు చేత నలుగురు జడ్జీలను తీసేయించాడు. న్యాయం తన వైపే ఉందనుకున్నవాడు జడ్జీలను మార్చనక్కర్లేదు. అది ఆయన చేసిన పెద్ద తప్పు అనే నా లెక్క. ఆయనను నియంత అనడానికి విరోధులకు ఆయనే ఒక కాగితం ఇచ్చాడు.

ఇప్పుడు ధర సంగతి. నష్టపరిహారం ఎలా లెక్క కట్టాలన్న చోట శాసనం ఒక్క వాక్యంతో సరిపెట్టింది: భూస్వామి పన్ను కోసం స్వయంగా ప్రకటించిన విలువే భూమి విలువ, 1952 మే నాటికి రికార్డులో ఉన్నది. నగదు కాదు, 25 ఏళ్ళలో తీర్చే బాండ్లు, ఏటా నూటికి మూడు వడ్డీ. ఏళ్ళ తరబడి పన్ను తగ్గించుకోవడానికి తక్కువ విలువ రాసిచ్చినవాళ్ళందరికీ ఒక్కసారి వెన్నులో చలి పుట్టింది.

1953 మార్చిలో పసిఫిక్ తీరాన తికిసాతె దగ్గర యునైటెడ్ ఫ్రూట్ భూమిలో 2,09,842 ఎకరాలు తీసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. కంపెనీ రాసిచ్చిన విలువ ప్రకారం పరిహారం 6,27,572 డాలర్లు. ఎకరానికి మూడు డాలర్లు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కంపెనీ తరఫున ఒక డిమాండు వచ్చింది, 1,58,54,849 డాలర్లు. ఎకరానికి 75 డాలర్లు పైన. ఇరవై అయిదు రెట్లు. ఆ డిమాండు పంపింది కంపెనీ గుమాస్తా కాదు, అమెరికా విదేశాంగ శాఖ. ఆ తేడా చూడగానే నాకు మా కచేరీ బల్ల గుర్తొచ్చింది. పెద్దాయనకు ఒక సంతకం ఉంది, దాన్ని మార్చుకునే దారి లేదు. కంపెనీకి దారి ఉంది.

ఆ దారి వెడల్పు ఎంతో చూడండి. అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్, గూఢచారి సంస్థ సిఐఏ అధిపతి ఆయన తమ్ముడు ఆలెన్ డల్లెస్. వాళ్ళిద్దరూ ముందు పనిచేసిన న్యాయవాదుల సంస్థ యునైటెడ్ ఫ్రూట్‌కు పనిచేసింది. కంపెనీకి ప్రచారం చేసిపెట్టేవాడు ఎడ్వర్డ్ బెర్నేస్, ఆ వృత్తిలో మహా నేర్పరి. గ్వాటెమాలా కమ్యూనిస్టుల గుప్పిట్లో ఉందని అమెరికా పత్రికల్లో ఏళ్ళ తరబడి వచ్చింది. కంపెనీ లేకపోయినా ఆ కాలపు భయం ఉండనే ఉంది. రష్యాతో శీతల యుద్ధం, కొరియాలో పోరు, మెకార్తీ విచారణలు. ఆర్బెన్స్‌కు కమ్యూనిస్టు మిత్రులు ఉన్న మాట నిజం. హోసె మాన్యువల్ ఫోర్తూనీ ఆయన అంతరంగికుడు, భూసంస్కరణ పత్రాన్ని తయారు చేసినవాళ్ళలో ఒకడు. అయితే పార్లమెంటులో ఆ పార్టీకి నాలుగే స్థానాలు, మంత్రివర్గంలో ఒక్కడూ లేడు, పోలీసు సైన్యాల్లోనూ లేరు.

1953 ఆగస్టులో ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్ అనుమతితో సిఐఏ ఒక పథకం మొదలుపెట్టింది. అక్టోబరు చివర కొత్త రాయబారిగా జాన్ ప్యురిఫాయ్ వచ్చాడు. డిసెంబరులో ఆర్బెన్స్ ఇంట్లో భోజనానికి కూర్చుని ఆరు గంటలు మాట్లాడారు. రాయబారికి స్పానిష్ రాదు, మరియా మధ్యలో దుబాసీగా కూర్చుంది. ఆర్బెన్స్ కంపెనీ గురించి చెబుతుంటే రాయబారి కమ్యూనిస్టుల దగ్గరికి తిప్పేవాడట. రాత్రి పూర్తయ్యేసరికి ఆయన మనసులో తీర్మానం అయిపోయింది.

అమెరికా ఏళ్ళుగా ఆయుధాలు అమ్మడం లేదు. ఆర్బెన్స్ చెకోస్లొవాకియా నుంచి గుట్టుగా కొన్నాడు. 1954 మే 15న ఆల్ఫెమ్ అనే స్వీడన్ ఓడ ఆ సరుకుతో ప్వెర్తో బారియోస్‌లో ఆగింది. పాత జర్మన్ ఆయుధాలు, చాలా పనికిరానివి. కానీ ఓడ దొరికిపోవడంతో వాషింగ్టన్‌కు కావలసిన సాక్ష్యం దొరికింది. అదే మే నెలలో అడవిలో నుంచి విప్లవకారులు మాట్లాడుతున్నట్టు ఒక రేడియో మొదలైంది. దాని ప్రసంగాలు నిజానికి అమెరికాలోని మయామిలో రికార్డయ్యాయి.

జూన్ 18న కార్లోస్ కాస్తియ్యో ఆర్మాస్ అనే మాజీ కర్నలు హోండురాస్ వైపు నుంచి సరిహద్దు దాటాడు. వెంట 480 మంది. సైన్యం ముందు అది ఒక లెక్క కాదు. గువాలాన్‌లో ఒక లెఫ్టినెంటు, ముప్పై మంది సైనికులు తమకంటే నాలుగు రెట్ల బలగాన్ని ఒకటిన్నర రోజు నిలబెట్టి తరిమేశారు. రేవులో పోలీసులు, హమాలీలు కలిసి ఇంకో దళాన్ని చెదరగొట్టారు. గెలిచింది చిన్నవాళ్ళు, ఓడింది పెద్దవాళ్ళ మనసు. ఆకాశంలో విమానాలు, రేడియోలో లేని సైన్యాల కబుర్లు. ఆర్బెన్స్ పంపిన సైన్యం జకాపా దగ్గర ఆగిపోయింది, అధికారులు యుద్ధం చెయ్యలేదు. ఈ కొద్దిమందిని ఓడిస్తే వెనక అమెరికా సైన్యమే దిగుతుందని వాళ్ళ భయం. పౌరులకు ఆయుధాలు ఇమ్మంటే ఇవ్వలేదు. తన చదువూ పరువూ ఇచ్చిన సైన్యమే తనను వదిలేసిందని ఆయన నమ్మడానికి టైము పట్టింది. జూన్ 27 సాయంత్రం రేడియోలో రాజీనామా చెప్పి, సైన్యాధికారి దియాస్‌కు పగ్గాలు ఇచ్చి, కుటుంబంతో మెక్సికో దౌత్య కార్యాలయంలో చేరాడు. భూసంస్కరణ అయినా నిలుస్తుందని ఆయన ఆశ. దియాస్‌ను రెండు రోజుల్లో దించారు, ఇంకొన్ని వారాల్లో కాస్తియ్యో ఆర్మాస్ అధ్యక్షుడు. శాసనం రద్దు, భూములు వెనక్కి, చదువురాని వాళ్ళకు ఓటు లేదు. పట్టా అందుకున్న లక్ష కుటుంబాల్లో దాదాపు అందరి చేతిలోంచీ నేల పోయింది.

ఒక సంగతి చెప్పాలి. ఆర్బెన్స్ వదిలిన కాగితాలన్నీ సిఐఏ మనుషులు వచ్చి జల్లెడ పట్టారు. లక్షకు పైగా దస్తావేజుల్లో మాస్కో పెత్తనానికి ఆధారం వెతికారు. దొరికినది మాస్కోలోని ఒక పుస్తకాల దుకాణం పంపిన, మొత్తం పాతిక డాలర్లకు లోపు బిల్లులు. ఆర్బెన్స్ దిగిన అయిదు రోజులకే, జూలై 2న, అమెరికా న్యాయ శాఖ యునైటెడ్ ఫ్రూట్ మీద గుత్తాధిపత్యం కేసు పెట్టింది.

మెక్సికో కార్యాలయంలో 73 రోజులు గడిచాక సెప్టెంబరులో దేశం విడిచి వెళ్ళనిచ్చారు. విమానాశ్రయంలో సామాను తనిఖీ అని చెప్పి, ఫొటోగ్రాఫర్ల ముందు, లోదుస్తుల దాకా బట్టలు విప్పించారు. 41వ పుట్టినరోజుకు కొద్ది రోజులు అటూ ఇటూ. ఆ ఫొటోలు లోకమంతా చూసింది.

ఆ తరువాత పదహారేళ్ళు ఆయన ఎక్కడా కుదురుకోలేదు. మెక్సికో, అక్కడి నుంచి ఐరోపా. తండ్రి పుట్టిన స్విట్జర్లాండ్‌లో ఉండనిస్తామన్నారు, గ్వాటెమాలా పౌరసత్వం వదులుకోవాలన్నారు. ఒప్పుకోలేదు. తాతల కాలంలో వలస వచ్చి, వచ్చిన నేలనే సొంతమనుకున్నవాళ్ళం గనుక ఈ ఘట్టం చదువుతున్నప్పుడు మనం కాసేపు ఆగుతాం. తండ్రి దేశం తలుపు తెరిచింది, ఆయన తన పుట్టిన దేశపు కాగితమే పట్టుకుని బయట నిలబడ్డాడు. పారిస్, ప్రాగ్, మాస్కో, మళ్ళీ పారిస్. 1957లో ఉరుగ్వే రానిచ్చింది, రాజకీయం మాట్లాడకూడదు, పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. ఊబికో నాటి పుస్తకం మాజీ అధ్యక్షుడి మెడలో పడింది. 1960లో క్యూబా పిలిచింది. అక్కడ ప్రసంగాల్లో గ్వాటెమాలా పేరును తమకు జరగనివ్వమనే ఉదాహరణగా వాడుతుంటే, ఆ ఉదాహరణ అయిన మనిషి వింటూ కూర్చున్నాడు. 1954లో గ్వాటెమాలా నగరంలో ఇదంతా కళ్ళారా చూసిన ఒక అర్జెంటీనా యువ వైద్యుడు, ఎర్నెస్తో చే గువేరా, ఆ పాఠంతోనే క్యూబాకు చేరుకున్నాడు. ఆర్బెన్స్ మద్యానికి అలవాటు పడ్డాడు.

పెద్ద కూతురు అరాబెల్లా తల్లిదండ్రుల ఈ తిరుగుడు జీవితంలో పెరిగింది. 1965 అక్టోబరు 5న కొలంబియాలోని బొగోతాలో, తాను ప్రేమించిన ఎద్దుల పోటీ వీరుడి కళ్ళ ముందు తుపాకీతో కాల్చుకుంది. 25 ఏళ్ళ పిల్ల. అంత్యక్రియలకు మెక్సికోలో ఆయనకు అనుమతి దొరికింది. తరువాత అక్కడే ఉండనిచ్చారు. 1971 జనవరి 27న మెక్సికో నగరంలో స్నానపు తొట్టిలో చనిపోయి కనబడ్డాడు. వయసు 57. మునిగిపోయాడా గుండె ఆగిందా అన్నది నేటికీ తేలని మాట. పుట్టిన నేలలో చోటు దొరకక, భార్య వాళ్ళ ఊరు ఎల్ సాల్వదోర్‌లో సమాధి చేశారు.

గ్వాటెమాలాలో ఆయన దిగిన తరువాత కాస్తియ్యో ఆర్మాస్‌ను 1957లో అతని కాపలావాడే కాల్చి చంపాడు. 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం. రెండు లక్షలకు పైగా జనం పోయారని తరువాతి విచారణ సంఘం లెక్క కట్టింది. ఆ పోయినవాళ్ళలో ఎక్కువమంది మాయా పల్లెవాసులు. 900వ శాసనం కింద పట్టా పుచ్చుకున్నవాళ్ళ పిల్లలూ మనుమలూ అందులో ఉన్నారు.

ఆయన ఎముకలు 1995లో ఇంటికి వచ్చాయి. రాజధాని శ్మశానంలో పెట్టిన ఆ రోజున జనం బాగా కూడారు. మరియా విలనోవా 2009 వరకు బతికింది. 2011 అక్టోబరు 20న, 1944 తిరుగుబాటు నాటి అదే తారీఖున, జాతీయ భవనంలో అప్పటి అధ్యక్షుడు ఆల్వరో కొలోమ్ ప్రభుత్వం తరఫున ఆర్బెన్స్ కుటుంబానికి క్షమాపణ చెప్పాడు. తండ్రి బదులు కొడుకు అక్కడ ఉన్నాడు. ఇంకో మాట కూడా నిలబెట్టుకున్నారు. రాజధాని నుంచి అట్లాంటిక్ రేవుకు పోయే రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. రైలు కంపెనీకి పోటీగా వెయ్యాలని ఆయన మొదలుపెట్టి, తాను దిగిపోయాక పూర్తయిన రోడ్డు అది.